గది మాట్లాడకూడదు

చిన్న గదిలో తప్పెట రికార్డు చేసేటప్పుడు మైకుకు రెండు వాయిద్యాలు వినబడతాయి. ఒకటి తప్పెట, రెండోది గది. తప్పెటను మనిషి కొడతాడు. గదిని తప్పెట కొడుతుంది. ఈ సంగతి నాకు నల్లచెరువులో, మా ఇంటి శెనక్కాయల రూములో తెలిసింది. తెలుసుకోవడానికి పదకొండు రోజులు, అరవై కోడిగుడ్ల అట్టలు, నాలుగు పరుపులు, మూడు కంబళ్లు పట్టాయి.

2020లో లాక్‌డౌన్ పెట్టగానే బెంగళూరు నుంచి ఊరికొచ్చేశాను. కదిరి నుంచి మదనపల్లె పోయే రోడ్డు మీద ఉంటుంది నల్లచెరువు. అప్పటికి మాది అనంతపురం జిల్లా. శ్రీ సత్యసాయి జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. పగలు ఆఫీసు పని, రాత్రి నా పిచ్చి. నా పిచ్చి శబ్దం. ఒక మైకు, దాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపే చిన్న పెట్టె, ఒక హెడ్‌ఫోన్స్. బట్టలకన్నా ముందు బ్యాగులో సర్దుకున్నవి ఇవే.

డిసెంబరులో ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాడు. జాతర సీనుకు నాలుగైదు నిమిషాల తప్పెట కావాలన్నాడు. "నెట్‌లో కొనుక్కోవచ్చు గానీ అవి ఏ ఊరివో ఏమో. మీ వైపు దరువే కావాలి. కొట్టినాయనకు మూడు వేలు ఇద్దాం" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను.

మా ఊళ్లో నాకు తెలిసిన తప్పెట ఒక్కాయనదే. పేరెందుకు, తాత అందాం. నేనూ అట్లాగే పిలిచేవాణ్ని. నా చిన్నప్పుడు మా ఇంట్లో పెద్దా చిన్నా అందరూ ఆయన్ను పేరు పెట్టి, ఒరేయ్ అనే పిలిచేవాళ్లు. ఆరేడేళ్ల వయసులో నేనూ అట్లే పిలిచినట్టు గుర్తు. బెంగళూరు పోయి నాలుగు పుస్తకాలు చదివాక "తాతా" అనడం మొదలుపెట్టాను. ఆ మార్పు మీద నాకు లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది. వేమన సమాధి ఉన్న కటారుపల్లి మా పక్క మండలమే కదా, ఆమాత్రం గాలి సోకకుండా ఉంటుందా అనుకునేవాణ్ని.

మా నాయన పెండ్లికి కొట్టింది ఆయనే. మా అబ్బ సావుకు కొట్టిందీ ఆయనే. ఒకప్పుడు ఎనిమిది మంది జట్టు. కొందరు పోయారు, కొందరు బెంగళూరులో అపార్ట్‌మెంట్లకు కాపలా కాస్తున్నారు. ఇప్పటి కుర్రోళ్లకు ఫైబర్ తప్పెట్లు వచ్చాయి. వాటికి మంట అక్కర్లేదు, చినుకు పడినా బిగి సడలదు. తాత మాత్రం మేకతోలుదే పట్టుకున్నాడు. కట్టె చక్రానికి చింతపిక్కల బంకతో తోలు అతికించి, నీడలో ఆరబెట్టి, వాయించబోయే ముందు మంట దగ్గర కాచుకోవాలి. వేడికి తోలులో తేమ పోయి బిగుస్తుంది. వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకుని, ఇంకా కావాలా చాలా అని ఆయన చూసే తీరు, పాకం తీగ చూసే వంటమనిషి తీరు ఒక్కటే.

ఆ ఏడు పెండ్లిళ్లు లేవు, జాతరలు లేవు. సావులున్నాయి గానీ తప్పెటలు కొట్టనిచ్చే సావులు కావు. కాలనీకి పోయి సంగతి చెబితే తాత నవ్వాడు.

"మైకెందుకు సామీ? నేను మా ఇంటికాడ కొడితే మీ ఇంట్లో ఇనపడదా?"

ఆయన అన్నది తప్పేం కాదు. మృదంగంలో మహా విద్వాంసుడు పాల్ఘాట్ మణి అయ్యర్ కూడా మైకు పెట్టిన కచేరీలో వాయించనని కొంతకాలం పట్టుబట్టినవారే. తోలు మీద చెయ్యి పెట్టి బతికేవాళ్లకు మైకంటే నమ్మకం తక్కువ. చేతికి తెలిసిన సంగతి ఇనుప జల్లెడకు ఏం తెలుస్తుందని వాళ్ల అనుమానం.

మొదటి రోజు మా ఇంటి ముందర వేపచెట్టు కింద పెట్టుకున్నాం. తాత నాలుగు దెబ్బలు వేస్తే రోడ్డు మీద లారీ నాలుగు హారన్లు కొట్టింది. లారీ పోతే కోళ్లు. కోళ్లను తరిమితే పక్క చేన్లో బోరు మోటారు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. ఆ మోటారు గుయ్యిమనే మోత అన్నిటికీ అడుగున చాపలాగా పరుచుకుంది. ఇంటికి పోయి హెడ్‌ఫోన్స్‌లో వింటే తప్పెట మోటారులో మునిగి తేలుతోంది.

రెండో రోజు పశువుల కొట్టం. పైన రేకులు. తాత ఒక దెబ్బ వేస్తే రేకులు మూడు దెబ్బలు వేశాయి. మూడో రోజుకు అర్థమైంది. నాలుగు గోడలు, ఒక మిద్దె, మూసుకునే తలుపు ఉన్న చోటు కావాలి. అలాంటిది మా ఇంట్లో ఒక్కటే ఉంది. శెనక్కాయల రూము. అది హాలు దాటి లోపల ఉంటుంది.

అవ్వతో చెప్పాను. అవ్వ విననట్టే బియ్యంలో రాళ్లు ఏరుకుంది. రెండో రోజు మళ్లీ చెప్పాను. "కొట్టంలో కొట్టుకోండి" అంది. రేకుల సంగతి చెప్పాను. మూడో రోజు నా తెలివంతా బయటికి తీశాను.

"అవ్వా, లేపాక్షి నాట్యమంటపంలో సూడలేదా? స్తంభం మీద బ్రహ్మదేవుడే మద్దెల వాయిస్తాండాడు. దేవుడికి లేని పట్టింపు మనకేంటికి?"

అవ్వ చాట కింద పెట్టి నా ముఖంలోకి చూసింది.

"ఆయప్ప బ్రహ్మదేవుడు. రమ్మను, నడింట్లో కూసోబెడతా."

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. సాయంత్రానికి అవ్వే ఒక దారి చెప్పింది. శెనక్కాయల రూముకు పెరటి వైపు ఇంకో తలుపుంది, బస్తాలు దించుకోవడానికి పెట్టింది. పదేళ్లుగా గడియ తీయలేదు. అవ్వ స్వయంగా బందులకు నూనె వేయించి తెరిపించింది. "అట్ల వచ్చి అట్ల పోతే సరిపాయ" అంది. అవ్వ మారిందిరా అనుకున్నాను.

ఇక గది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. శబ్దం పట్టేవాడికి ఇంతకన్నా పాపిష్ఠి గది ఉండదు. ఎందుకంటే శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. గది నడుమ కూర్చుని కొడితే గోడ అయిదు అడుగుల దూరం. పోయి, తగిలి, తిరిగి మైకుకు చేరడానికి సెకనులో వందో వంతు కూడా పట్టదు. అంత త్వరగా వచ్చే ప్రతిధ్వనిని చెవి వేరుగా గుర్తుపట్టలేదు. అసలు దెబ్బ మీదే నకలు దెబ్బ పడి, ఫోటో తీసేటప్పుడు చెయ్యి వణికినట్టు అలుక్కుపోతుంది. పైగా ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని బట్టి ప్రతి గదికీ తనదైన ఒక స్వరం ఉంటుంది. పది అడుగులకు అది సుమారు 56 హెర్ట్జ్. ఆ స్వరం తగిలితే చాలు, గది పూనకం వచ్చినట్టు ఊగుతుంది. పొడవు, వెడల్పు ఒకటే అయితే రెండు పూనకాలు ఒకే చోట. పక్క చేని మోటారు 50 దగ్గర, మా గది 56 దగ్గర. వాళ్లిద్దరూ పక్కపక్క ఇళ్లోళ్లు, నేను మధ్యలో పంచాయితీదారుణ్ని.

కోడిగుడ్ల అట్టలు గోడలకు అతికిస్తే స్టూడియో అయిపోతుందని చాలామంది నమ్మకం. నేనూ నమ్మాను. కదిరి నుంచి అరవై అట్టలు తెచ్చి మైదా బంకతో అతికించాను. తాత ఒక దెబ్బ వేశాడు. గది ఎప్పటిలాగే అరిచింది. అట్టలు పలచటి కాగితం. సన్నటి కిచకిచలను కొంచెం మింగుతాయి గానీ తప్పెట గర్జన వాటిలోంచి దర్జాగా నడిచిపోతుంది. ఆ రాత్రి ఎలుకలు అట్టల వెనక బంక నాకుతూ వేరే రకం సంగీతం పెట్టాయి. మరుసటి రోజు అన్నీ పీకేశాను.

శబ్దాన్ని ఆపాలంటే మందం కావాలి, పీచు కావాలి, దానికీ గోడకూ మధ్య కొంచెం సందు కావాలి. గోడను తాకేచోట గాలి కదలదు, కాస్త ఎడంగా అయితే కదులుతుంది. కదిలే గాలిని పీచులో చిక్కించుకుంటేనే శబ్దం బలం చస్తుంది. దూది పరుపులు నాలుగు పోగుచేశాను. నాది, నాయనది, చుట్టాలొస్తే వేసేవి రెండు. అయిదోది అడిగితే "నా పరుపు మాత్రం ముట్టొద్దు, నడుము నొప్పి" అంది అవ్వ. సరేనన్నాను. తాడు కట్టి పరుపులు గోడలకు జానెడు ఎడంగా వేలాడదీశాను. మిద్దె కింద మా వైపు కురవోళ్లు నేసిన గొర్రెబొచ్చు కంబళ్లు మూడు కట్టాను. లోతు స్వరాలు మూలల్లో గూడు కట్టుకుంటాయి కాబట్టి, విత్తనానికి దాచిన శెనక్కాయల బస్తాలను నాలుగు మూలలకూ సర్దాను. కదిరి పరిశోధన కేంద్రం వాళ్లు కే-6 రకాన్ని రైతుకు ఇచ్చినప్పుడు అది పంటకే కాక శబ్దానికీ పనికొస్తుందని అనుకుని ఉండరు.

చేతులు చరిచి చూశాను. చప్పుడు పుట్టిన చోటే చచ్చిపోయింది. గదికి నోరు పడిపోయినట్టుంది.

తాతకు ఆ గది నచ్చలేదు. "ఏంది సామీ, బాయిలో కూసున్నట్టుంది. కొడితే మళ్లీ పలకల్ల కదా" అన్నాడు. అదీ నిజమే. ఇంగ్లండులో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనం ఉంది. లెడ్ జెపెలిన్ అనే రాక్ బృందం అక్కడ డ్రమ్స్‌ను మెట్లున్న హాలు అడుగున పెట్టింది. ఇంజినీరు ఆండీ జాన్స్ రెండు మైకులు పై మెట్ల నుంచి వేలాడదీశాడు. జాన్ బోనమ్ కింద కొడితే భవనమంతా పలికింది. 1971లో వచ్చిన వాళ్ల నాలుగో ఆల్బమ్‌లో చివరి పాట వింటే ఆ హాలు ఎత్తు ఎంతో చెవులకే తెలుస్తుంది. వాళ్లది పెద్ద ఇల్లు, అది మాట్లాడితే అందం. మనది చిన్న ఇల్లు. చిన్న ఇల్లు మాట్లాడకుండా ఉండటమే మేలు. తాతకు ఇంత చెప్పలేదు. "గది మాట్లాడకూడదు తాతా. నువ్వు మాత్రమే మాట్లాడల్ల" అన్నాను. ఆయనకు ఆ మాట నచ్చింది. తలూపాడు.

ఇంతలో ఒక చిక్కు. పెరటి తలుపు పాతది, చెక్కలు ఎండి సందులు పడ్డాయి. మోటారు మోత అందులోంచే లోపలికి వస్తోంది. ఆ తలుపుకు అడ్డంగా ఒక పరుపు కట్టక తప్పలేదు. అంటే తాత ఇక రావాల్సింది హాల్లోంచే.

అవ్వ ఏమీ అనలేదు. తులసికోట దగ్గరికి పోయి కూర్చుంది. తాత గడప ముందర ఆగాడు. చెప్పులు ఎప్పుడో గేటు బయటే విడిచాడు. తప్పెటను గుండెకు ఆనించుకుని, తల వంచుకుని, హాల్లో ఏ వస్తువూ చూడకుండా, ఏ గోడా తగలకుండా నడిచి రూములోకి పోయాడు. పన్నెండు అడుగులు. డెబ్భై ఏళ్ల మనిషి, మా ఇంటి శుభానికీ అశుభానికీ వాయించినవాడు, ఈ పన్నెండు అడుగులు మొదటిసారి నడిచాడు. సంస్కర్తలు చేయలేని పని ధ్వనిశాస్త్రం చేసిందని నాలో నేను మురిసిపోయాను. ఆ రాత్రి స్నేహితుడికి ఫోన్ చేసి ఇదే మాట చెప్పాను. వాడు "గ్రేట్ రా" అన్నాడు.

తర్వాతి కష్టాలు తోలువి. పరుపులు, కంబళ్లు, మూసిన తలుపులు, ఇద్దరు మనుషుల ఊపిరి. డిసెంబరు చలిలో కూడా పది నిమిషాలకు ఆ రూము ఉక్కపోసేది. చెమ్మకు తోలు మెత్తబడి, ఖంగుమనాల్సిన తప్పెట డబ్బుమనేది. వెంటనే తాత లేచి హాల్లోంచి పెరట్లోకి పోయి, శెనక్కాయ పొట్టు మంట వేసి, కాచుకుని రావాలి. అట్లా పోయి వచ్చే ప్రతిసారీ తల వంచుకునే నడక. ఒక రోజు పదిసార్లు పోయి వచ్చాడు. మధ్యలో టీ. నాకు స్టీలు గ్లాసులో, తాతకు కాగితం కప్పులో. "కరోనా కదరా" అంది అవ్వ. అవును కదా అనుకున్నాను.

మైకు షూర్ వాళ్ల ఎస్‌ఎం57. 1965 నుంచీ చేస్తున్నారు. దీని గుణం ఏమిటంటే ఎదుట ఉన్నదాన్ని బాగా పడుతుంది, వీపు వెనక ఉన్నదాన్ని అంతగా పట్టించుకోదు. అందుకని పెరటి తలుపుకు, మోటారుకు దాని వీపు తిప్పాను. తాతను గది నడిమధ్యన కాకుండా కాస్త పక్కగా, హాలు తలుపుకు వీపు పెట్టి కూర్చోబెట్టాను. మైకు ముఖం తాత వైపు, తాత వెనక హాలు తలుపు. తప్పెటకు ఎదురుగా దగ్గరగా పెడితే శబ్దం పగిలిపోయింది. రెండడుగులు వెనక్కి జరిపి, తోలు నడిమికి కాక అంచుకు గురిపెట్టాను. అప్పుడు కుడిచేతి పొట్టి పుల్ల వేసే బరువు దెబ్బా, ఎడమచేతి సన్నపుల్ల చేసే కిటకిటా దేనికది విడివిడిగా తెలిశాయి.

తాతకు నేను నేర్పింది ఒకటే. ఆఖరి దెబ్బ పడగానే లేవకూడదు, దగ్గకూడదు, పుల్ల కింద పెట్టకూడదు. తోలు మోగడం పూర్తిగా ఆగేదాకా ఉండాలి. ఆ తర్వాత ఒట్టి నిశ్శబ్దం కూడా కొంచెం రికార్డు కావాలి. గదిలో ఏ మోత మిగిలి ఉందో కంప్యూటరుకు చూపిస్తే దాన్ని తీసేయడం సులభం. నేను అరచెయ్యి ఎత్తి చూపిస్తే "ఉండు" అని అర్థం. చెయ్యి దించితే అయిపోయినట్టు.

పదకొండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మోటారు ఆగింది. ఫ్యాన్లు, ఫ్రిజ్, పక్కింటి టీవీ అన్నీ ఆగాయి. ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉంది. మైకు పెట్టె ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది. తాత అప్పుడే తప్పెట కాచుకుని వచ్చాడు. తోలు వేడి నా చేతికి తెలుస్తోంది. ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. తలుపు మూశాను. ఎర్ర బటన్ నొక్కాను.

ఎత్తుకోవడం నెమ్మదిగా ఎత్తుకున్నాడు. ఊరి పొలిమేర నుంచి అమ్మవారు వస్తున్నట్టు. నడక, తర్వాత వడి, తర్వాత ఉరవడి. కళ్లు మూసుకున్నాడు. ఆయన మెడనరం, ఎడమచేతి చిటికెనవేలు, రెండూ ఒకే లెక్కలో అదురుతున్నాయి. మూడో నిమిషంలో నేను స్క్రీన్ చూడటం మానేశాను. రోమాలు నిక్కబొడుచుకోవడం అంటే ఏమిటో తెలుసు కదా, అదే. ఆఖరి దెబ్బ వేసి పుల్ల గాల్లోనే ఆపాడు. నేను అరచెయ్యి ఎత్తాను. ఇరవై లెక్కపెట్టాను. చెయ్యి దించాను.

"అయిపోయింది తాతా. వచ్చేసింది."

తాత నవ్వి లేచాడు. ఆయన్ను సాగనంపి, తిరిగొచ్చి రికార్డింగ్ ఆపాను. ఆ రాత్రే దరువు వరకు కత్తిరించి స్నేహితుడికి పంపాను. వాడు నాలుగుసార్లు విని, ఇది స్టూడియోలో చేసినట్టుంది, గది ఉన్నట్టే తెలియడం లేదు అన్నాడు. శబ్దం పట్టేవాడికి ఇంతకన్నా బిరుదు లేదు. పొద్దున లేచేసరికి పరుపులన్నీ మిద్దె మీద ఎండలో ఉన్నాయి. శెనక్కాయల దుమ్ము పట్టి ఉంటుంది.

సంక్రాంతికి స్నేహితుడు డబ్బులు పంపాడు. మూడు వేలకు నేను ఇంకో వెయ్యి కలుపుకుని, ల్యాప్‌టాప్ తీసుకుని కాలనీకి పోయాను. తాత తన దరువు ఎప్పుడూ తాను వినలేదు. కొట్టేవాడికి ఎట్లా వినబడుతుంది? ఇంటి ముందరి బండ మీద కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ తగిలించాను. కత్తిరించింది ఫోన్లోనే ఉండిపోయింది, ల్యాప్‌టాప్‌లో ఉన్నది మొత్తం ఫైలు. అదే పెట్టాను.

మొదటి దెబ్బకు ఉలిక్కిపడ్డాడు. "ఓయమ్మా, నేనేనా?" అని గట్టిగా అరిచాడు. చెవులు మూసుకున్నవాళ్లు అందరూ అట్లాగే అరుస్తారు. మనవరాలు కిసుక్కున నవ్వింది. తాత వేళ్లు తొడ మీద దరువు పట్టాయి. నోరు కాస్త తెరుచుకుంది. మధ్యలో ఒకచోట "ఈడ తప్పినా" అన్నాడు, ఇంకోచోట "ఈడ మేలు" అన్నాడు. దరువు ముగిసినట్టు తొడ మీది వేళ్లు చెప్పాయి. హెడ్‌ఫోన్స్ తీద్దామని చెయ్యి చాపాను.

తాత అరచెయ్యి ఎత్తాడు. ఉండు.

"శబ్దం పోయిందాకా ఉండల్ల కదా సామీ."

నేర్పిన పాఠం మరవలేదని నాకు సంతోషం వేసింది. నవ్వుతూ కూర్చున్నాను. తాత నేల చూస్తూ వింటున్నాడు. చాలాసేపే విన్నాడు. తర్వాత రెండు చేతులతో హెడ్‌ఫోన్స్ తీశాడు. భుజం మీది తువ్వాలు కొసతో రెండు చెవుల మెత్తలూ జాగ్రత్తగా తుడిచాడు. నా చేతికివ్వకుండా బండ మీద పెట్టాడు.

"ఎట్లుంది తాతా?"

"అంతా పడింది సామీ. ఏమీ పోలేదు."

"ఇంకోసారి పెట్టాలా?"

"వద్దు. ఎప్పుడూ ఇన్నదే కదా."

నాలుగు వేలు తీసుకున్నాడు. వెయ్యి ఎక్కువుంది అని లెక్కపెట్టి వెనక్కిచ్చాడు.

ఆ రాత్రి స్నేహితుడు మళ్లీ ఫోన్ చేశాడు. ఆఖరి దెబ్బ తోక తెగినట్టుందిరా, కత్తిరించకుండా మొత్తం పంపు అన్నాడు. పంపేముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివర ఎంత మిగిలిందో వినడం మొదలుపెట్టాను. కరెంటు లేని మధ్యాహ్నం, నోరు పడిపోయిన గది, తలుపు వైపు చూస్తున్న మైకు. ఎంత చిన్న చప్పుడైనా ముత్యంలాగా పడింది.

నాలుగు నిమిషాల 36 సెకన్ల దగ్గర ఆఖరి దెబ్బ. ఇరవై సెకన్లు ఏమీ లేదు. అయిపోయింది తాతా, వచ్చేసింది, అని నేను. తలుపు తెరుచుకున్న కిర్రు. తాత దగ్గు, హాల్లో ఒకసారి, వాకిట్లో ఒకసారి. అయిదు నిమిషాల 21 సెకన్ల దగ్గర అవ్వ గొంతు.

"ఒరే, ఆ రూము, హాలు కడగల్ల కదరా. నీళ్లు తెమ్మందునా?"

దానికి జవాబు చెప్పింది నేను. అట్లాంటి మాట అన్నట్టు నాకు గుర్తు లేదు. గుర్తు పెట్టుకునేంత పెద్ద మాట కాదు అది మా ఇంట్లో.

"ఉండవ్వా. తాత గేటు దాటనీ."

ఫైలు మొత్తం నిడివి అయిదు నిమిషాల 52 సెకన్లు. అందులో తాత నాలుగు నిమిషాల 36 సెకన్లు. మిగిలిన ఒక నిమిషం 16 సెకన్లూ మేము.